ఎనిమిది వందల పది మిల్లీమీటర్లు

నాలుగింటికి రమ్మన్నారు, నేను మూడింటికే వచ్చి కూర్చున్నాను. అడాజన్‌లో నేనుండే గదుల నుంచి ఉధనాలోని షోరూము దాకా బస్సులో నిలబడి వస్తున్నంతసేపూ మనసు ఒకే ఆలోచనను తిప్పి తిప్పి నేసింది: వాళ్లకన్నా ముందు చేరితే బండ్లన్నీ ఒంటరిగా చూసుకోవచ్చు, చూసుకుంటే తమ్ముడు అడిగినప్పుడు తడబడకుండా ఏదో ఒకటి చెప్పవచ్చు, లేదా చెప్పకుండా తప్పుకోవడానికి మంచి కారణమైనా వెతుక్కోవచ్చు. ఇప్పుడు నా ఎదుట ఇరవై రెండు మోటారు బండ్లున్నాయి, అన్నీ ముందుచక్రం ఎడమకు తిప్పి, ఎవరో పిలిస్తే తల తిప్పి చూసిన పశువుల మందలా నిలబడి ఉన్నాయి, కొత్త టైర్ల మీద సన్నని రబ్బరు నూగు ఇంకా చెదరలేదు, రోడ్డెక్కిన నాలుగు రోజులకే రాలిపోయే నూగు, పసిపిల్లల పుట్టువెంట్రుకల్లాంటిది. గాజు గోడకు అవతల ఎండలో లారీలు కదలలేక కదులుతున్నాయి, ఇవతల చల్లదనంలో కొత్త రబ్బరు వాసన. పద్నాలుగేళ్ల కిందటి ఆ షోరూములోనూ ఇదే వాసన ఉండి ఉండాలి. నాకది గుర్తు లేదు. ఆ రోజు నా చేతిలో కాగితం ఉంది, కాగితం చేతిలో ఉన్నప్పుడు నాకు వాసనలు తెలియవు.

"అంకల్, బైఠ్‌కే దేఖో నా, బైఠ్‌నే కా పైసా నహీ లగ్తా" అంటోంది అమ్మకాలు చూసే ఆవిడ, మెడలో గుర్తింపు కార్డు ఊగుతుండగా. కూర్చోవడానికి డబ్బులు తీసుకోరట. నవ్వి వద్దన్నాను. యాభై మూడేళ్లు నాకు. రెండు చక్రాల బండి మీద ముందుగానీ వెనకగానీ ఇంతవరకు కూర్చోలేదు. ఈ మాట ఆవిడతో చెబితే, మరి ఎందుకు వచ్చావని అడుగుతుంది. బండి ఎంచడానికి వచ్చానని చెప్పాలి. కొన్ని నిజాలు పక్కపక్కన పెడితే అబద్ధంలా వినబడతాయి.

నిన్న పొద్దున సంపత్ ఫోన్ చేశాడు. "అన్నా, అక్షరకు బండి కొంటున్నం. నువ్వు సూడకుంట ఎట్ల కొంటం? రేపు నాలుగు గొట్టంగ ఉధనా షోరూముకు రా. నీ కాయితం గూడ తెచ్చుకో." చివరి మాట అన్నప్పుడు వాడు నవ్వాడా లేదా అన్నది అప్పటి నుంచి తేల్చుకోలేకపోతున్నాను. నవ్వితే అది ఎత్తిపొడుపు. నవ్వకపోతే అంతకన్నా కష్టం, ఎందుకంటే వాడు నా మాటను ఇంకా నమ్ముతున్నట్టు. క్షమించడానికి పిలిచాడా, మరిచిపోయి పిలిచాడా, కూతురి ఎదుట పెద్దవాణ్ణి తక్కువ చేయకూడదని పిలిచాడా? వాక్యాన్ని విరిచి అర్థం తీయడమే నా చదువు, అయినా తమ్ముడి వాక్యం ఒక్కటి నాకు విరగడం లేదు. కాగితం తేలేదు. దానికి బదులు ఒక మాట తెచ్చుకున్నాను, అడాజన్‌లో బస్సు ఎక్కినప్పటి నుంచి నాలుక కింద పెట్టుకుని వచ్చాను: ఆ రోజు నేను చూశానురా. ఇంతే. ఈరోజు ఏ బండి కొన్నా, కొనకపోయినా, ఈ ఒక్క మాట వాడికి చెప్పి తీరాలి.

నేను యంత్రాల పుస్తకాలు తర్జుమా చేసేవాణ్ణి. మగ్గాలతో పాటు కంపెనీలు పంపే వాడకపు పుస్తకాలను ఇంగ్లీషు నుంచి హిందీలోకీ తెలుగులోకీ మార్చడం నా బతుకుతెరువు. ఏ మరను ఎంత బిగించాలో, ఏ బేరింగుకు ఎన్ని గంటలకొకసారి నూనె పెట్టాలో పాతికేళ్లుగా రాస్తున్నాను. ఒక్క మరనైనా నా చేత్తో బిగించింది లేదు. మూడో అంతస్తులో రెండు గదులు, గోడలు కనబడనన్ని పుస్తకాలు, కిటికీ అవతల ఎవరివో పిల్లలు, ఎవరివో స్కూటర్లు. వారానికొకసారి కూరగాయలకు దిగుతాను. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు అడగడం మానేసి కూడా చాలాకాలమైంది. కానీ ఉన్‌లో ఉండే మా వాళ్లకు, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి మగ్గాల కోసం ఈ గుజరాతీ నగరానికి వచ్చి స్థిరపడిన ఆ నాలుగు వీధులకు, నేను 'బుక్కుల సారు'ను. ఫ్యాను కొన్నా, మిక్సీ కొన్నా, పిల్లను ఏ కోర్సులో వేయాలన్నా వచ్చి అడిగేవాళ్లు. నా జ్ఞానం చూసి అడుగుతున్నారని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు వేరేగా తోస్తుంది: మా ఇంట్లో, మా వీధిలో, అంత దూరం చదివింది నేనొక్కణ్ణే, నేను కాలేజీకి వెళ్లిన ఏడాదే నాకన్నా అయిదేళ్లు చిన్నవాడైన సంపత్ ఏడో తరగతిలో బడి మానేసి నాన్న రాజనర్సు వెంట మగ్గం మీదికి పోయాడు, అటువంటి చదువు చెప్పిన మాటను కాదంటే, దానికి పెట్టిందంతా గంగలో కలిసినట్టే కదా. నా మాట నిలబెట్టడం కోసం కాదు, తమ త్యాగం వృథా కాలేదనిపించుకోవడం కోసం వాళ్లు నా మాట వినేవాళ్లు. అట్లా విని నలభై బండ్లు కొన్నారు ఉన్‌లో. నలభయ్యీ బాగానే నడిచాయి. నలభై ఒకటోది నా తమ్ముడిది.

సంపత్‌కు ముప్ఫై నాలుగేళ్లప్పుడు, జోల్వాలో కొత్తగా పెట్టిన మగ్గాల కార్ఖానాలో పని దొరికింది. ఉన్ నుంచి రోజూ షేరింగు ఆటోలో, తొమ్మిది మందికి పదో వాడుగా వేలాడుతూ వెళ్లేవాడు. దసరాకు బండి కొందామనుకుంటున్నానని చెప్పినప్పుడు వాడి ముఖంలో ఉన్న వెలుగు నాకు ఇప్పటికీ తెలుసు, దాని వెంటనే చెప్పిన మాట కూడా తెలుసు: "అన్నా, మా మగ్గాల మాస్టరు, బ్రహ్మచారి అని, గాయన బండి ఒకపారి నడిపిన. మస్తు కుదిరింది. కాళ్ల కింద నేల ఉంటది." కాళ్ల కింద నేల ఉంటది. ఎంత అందమైన వాక్యం, ఎంత కచ్చితమైన వాక్యం! పుస్తకంలో కనిపించి ఉంటే కింద గీత గీసుకునేవాణ్ణి. తమ్ముడి నోట వచ్చింది కాబట్టి, ఆ బండి లీటరుకు ఇచ్చే దూరం ఆ తరహా బండ్ల సగటు కన్నా పదకొండు శాతం తక్కువ అని జవాబు చెప్పాను.

తరవాత నెల రోజులు చదివాను. భాద్రపదం, అడాజన్‌లో వాన, బల్ల మీద దీపం. పదకొండు బండ్ల కరపత్రాలు తెప్పించుకున్నాను, మూడు పత్రికల పాత సంచికలు సంపాదించాను, గ్రాఫు కాగితాలు అతికించి నిలువునా పదకొండు, అడ్డంగా పదమూడు గడులు గీశాను. మైలేజీ, బరువు, రెండు చక్రాల మధ్య దూరం, టాంకు పరిమాణం, బ్రేకు డ్రమ్ము వ్యాసం, ఎన్ని వేల కిలోమీటర్లకు నూనె మార్చాలి, విడిభాగాలు దగ్గర పేట సచిన్‌లో దొరుకుతాయా, ఉధనాకు రావాలా; ప్రతి గడికీ ప్రాముఖ్యాన్ని బట్టి మార్కులు. ఎర్ర సిరా, నల్ల సిరా. ఏడేళ్ల అక్షర మా ఇంటికి వచ్చినప్పుడు ఆ కాగితం చూసి, "పెద్దబాపూ, ఇది ముగ్గా?" అని అడిగింది. అవును ముగ్గే. ఎంత శ్రద్ధగా పెట్టానో, ఎంత అందంగా వచ్చిందో! పదమూడో గడి సీటు ఎత్తు. దానికి పదికి ఒక మార్కు కేటాయించి, కింద చిన్న అక్షరాలతో రాసుకున్నాను: 'అలవాటుతో సర్దుకుంటుంది.' మొత్తం మార్కుల్లో మొదట నిలిచిన బండికి సీటు ఎత్తు ఎనిమిది వందల పది మిల్లీమీటర్లు. నా తమ్ముడి ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఈ రెండు సంఖ్యలూ నాకు తెలుసు. ఒకటి కాగితం మీద ఉంది, ఇంకొకటి నా ఎదుట అన్నం తింటూ ఉంది. రెండింటినీ ఒక గడిలోకి తేవాలని తోచలేదు.

తోచలేదా? ఇక్కడే ఆగాలి. పద్నాలుగేళ్లుగా నేను ఇక్కడే ఆగుతున్నాను, తోచలేదు అన్న ఈ క్రియ దగ్గర. నాకు తోచడానికి ఎంతో వెనకటి కారణం ఉంది. నాన్న వాణ్ణి మొదటిసారి మగ్గం దగ్గర నిలబెట్టినప్పుడు వాడి చేయి పైన తెగిన పోగు దాకా అందేది కాదు. శీతలపానీయం సీసాలు వచ్చే చెక్కపెట్టె ఒకటి బోర్లించి దాని మీద నిలబెట్టారు. ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి పోవాలంటే వాడు దిగి, పెట్టెను కాలితో నెట్టుకుంటూ పోయి, మళ్లీ ఎక్కేవాడు. ఆదివారాలు నేను టిఫిను డబ్బా తీసుకుని వెళ్లేవాణ్ణి, ఆ చప్పుడులో మాటలు వినబడవు కదా, సైగలే. వాడు పెట్టె మీద నుంచి చెయ్యి ఊపి, తలకు పైన అరచేయి పెట్టి చూపించేవాడు, ఈ వారం ఇంత పెరిగాను అని. నేను గోడకు ఆనుకుని పుస్తకం తెరిచేవాణ్ణి. ఆ పెట్టెను చూసినవాడికి, ఎనిమిది వందల పది అన్న సంఖ్య చూడగానే, తోచకుండా ఎలా ఉంటుంది?

తోచింది కూడా. ఆలస్యంగా తోచింది, కానీ సమయం మించకముందే తోచింది, అదే నా నేరం. దసరాకు ముందు రోజు, షోరూములో, బండికి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాడి భార్య లత కొబ్బరికాయ పట్టుకుని నిలబడితే, సంపత్ సీటు మీదికి ఎక్కాడు. ఎడమకాలు కింద పెట్టాడు. మడమ ఆనలేదు. వేళ్లు ఆనాయి, వేళ్లు కూడా కాదు, చెప్పు కొన ఆనింది. వాడు బండిని కొంచెం వంచి, నడుము జరిపి, మళ్లీ పెట్టి చూశాడు. అప్పుడు తల ఎత్తి నా వైపు చూశాడు. అందరి మధ్యలో నుంచి నన్నే చూశాడు. నాకు చెక్కపెట్టె గుర్తొచ్చింది. గొంతు దాకా వచ్చింది, వద్దురా, దిగు అని. చేతిలో కాగితం ఉంది, నెల రోజుల ముగ్గు, మొత్తం కింద రెండు ఎర్రగీతలు. "అలవాటైతది" అన్నాను. కార్ఖానా నుంచి వాడి వెంట వచ్చిన మాస్టరు బ్రహ్మచారి నోరు ఊరుకునేది కాదు: "సారూ, తమ్మునికి బండి దెచ్చిండ్రా, తాటిచెట్టు దెచ్చిండ్రా? ఎక్కడానికి మోకు గూడ ఇప్పియ్యుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. లత నవ్వింది. సంపత్ అందరికన్నా గట్టిగా నవ్వి, "గుడికి ముందుగాల మా అన్నను కూసోబెట్టుకొని పోత" అన్నాడు. నాకు పని ఉందన్నాను. ఆటో పిలుచుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాతి వానాకాలం. జోల్వా కార్ఖానా ముందు నల్లరేగడి, పగలు పదకొండు గంటలు. ఎదురుగా నూలు చుట్టిన పెద్ద దూలాలతో టెంపో వస్తుంటే దారి ఇద్దామని వాడు ఆగాడు. ఆగడానికి కాలు పెట్టాడు. పెట్టినచోట నేల లేదు. అంతే జరిగింది. వేగం లేదు, ఢీకొట్టిన వాడు లేడు, తాగిన వాడు లేడు, తప్పు మోపడానికి దేవుడు కూడా దొరకనంత చిన్నగా పడడం. నూట నలభై కిలోల బండి మెల్లగా ఎడమకు ఒరిగి వాడి మోకాలి మీద కూర్చుంది. ఆసుపత్రికి నేను వెళ్లేసరికి వాడు అడిగిన మొదటి మాట, "అన్నా, బండికి గీతలు గిట్ల పడ్డయా?" రెండు ఆపరేషన్ల తర్వాత మోకాలు సగమే వంగింది. ఎనిమిది మగ్గాల మధ్య పన్నెండు గంటలు నడవాలి మగ్గంవాడు, వాడిక నడవలేడు. అప్పటి నుంచి అదే కార్ఖానాలో, ముసలమ్మల వరుసలో కూర్చుని బాబిన్లకు నూలు చుడుతున్నాడు. లత నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంటికి వెళితే చాయ్ ఇస్తుంది, "తాగుండ్రి బావగారూ" అంటుంది, కప్పు ఖాళీ అయ్యేదాకా వంటగదిలోనే ఉంటుంది. తర్వాత ఉన్‌లో ఎవరూ నన్ను బండి గురించి అడగలేదు. నేను పోవడం తగ్గించాను. తగ్గించడాన్ని పని ఒత్తిడి అన్నాను. మనుషులకు దూరంగా ఉండడం నా స్వభావమని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే రాసుకున్నాను. నిజానికి ఆ దూరం ఉన్ నుంచి అడాజన్‌కు ఉన్నంతే, ఒక్క ఇంటి నుంచి దాక్కోవడానికి తీసుకున్న దూరం.

తలుపు తెరుచుకుంది. వేడిగాలితో పాటు వాళ్లిద్దరూ వచ్చారు. ముందు అక్షర, నుదుటి మీద చెమట, భుజాన సంచి, ఇరవై ఒక్కేళ్ల పిల్ల, పల్సానా దగ్గర రంగుల మిల్లులో బట్టకు రంగు సరిపోయిందా లేదా అని పోల్చి చూసే ప్రయోగశాలలో ఈ మధ్యనే చేరింది. వెనక సంపత్. కుడికాలు ముందు వేసి, నడుముతో ఎడమకాలును లాక్కుని, అలా ఒక వైపు వాలి నడుస్తాడు. జుట్టు నాకన్నా ఎక్కువ నెరిసింది. నన్ను చూడగానే చేయి ఎత్తాడు, చప్పుడులో సైగ చేసినట్టు.

"అచ్చినవా అన్నా? ఎప్పుడచ్చినవ్?"

"ఇప్పుడే" అన్నాను.

"పెద్దబాపూ, జో నే, సూడు, అదీ! గా ఎర్రది! మస్త్ ఉంది గదా?" అక్షర అప్పటికే బండి దగ్గరికి పోయింది. ఎర్రటి బండి, కందిరీగలా ముందుకు వంగి, వెనక ఎత్తుగా లేచి ఉంది. "స్కూటీ కొనుక్కో అంటది అమ్మ. హైవే మీద ఆ చిన్న చక్రాలు గుంతల పడితే పోయినట్టే నేను. పొద్దుగాల పోయేటప్పుడు బాపును జోల్వాల దింపుత, నేను పల్సానా పోత. రస్తాలనే గదా. ఇగ బాపుకు షేరింగు రిక్షా బాధ ఉండది."

ఆ పిల్ల ఎక్కి కూర్చుంది. లతలా పొడుగు, రెండు పాదాలూ నేల మీద పరిచినట్టు ఆనాయి. నా ఊపిరి నాకు తిరిగి వచ్చింది. ముందుసీటు ఎత్తు ఏడు వందల ఎనభై అని పక్కన పలక మీద రాసి ఉంది, నేను చూడకుండానే చూశాను, కళ్లకు అలవాటు. "బాపూ, ఎనక కూసో. ఎట్లుందో సూడు" అంది. సంపత్ ఎడమ వైపు నుంచి వచ్చాడు. వెనకవాడు కాలు పెట్టే కమ్మీ చాలా పైన ఉంది. మోకాలు అంత వంగదు. రెండుసార్లు ప్రయత్నించాడు. కుడి వైపుకు వెళ్లాడు, ఎడమకాలిని సీటు మీదుగా వెయ్యబోయాడు, వంగని కాలు సీటు అంచుకు తగిలి ఆగిపోయింది. వెనక సీటు ఎంత ఎత్తో పలక మీద చూశాను. లేదు. గుర్తు తెచ్చుకున్నాను: ఏ కరపత్రంలోనూ, ఏ పత్రికలోనూ, నేను గీసిన ఏ పట్టికలోనూ వెనక కూర్చునేవాడి సీటు ఎత్తు లేదు. వెనకవాడిని ఎవరూ కొలవరు.

"అంకల్, సైడ్ మే బైఠ్ జాయియే" అంది అమ్మకాల ఆవిడ, ఓపిగ్గా.

"ఒక పక్కకు కూసుంట తియ్. చీర గూడ గట్టుకొస్త" అన్నాడు సంపత్. అక్షర పకపకా నవ్వింది. వాడు కూడా నవ్వుతూనే కాలు దించి, ఎవరూ చూడనట్టు మోకాలి మీద అరచేయి నొక్కుకున్నాడు. నేను చూశాను. మళ్లీ నేనే చూశాను. నా చేతిలో ఈసారి ఏమీ లేదు, అడ్డం పెట్టుకోవడానికి ఒక్క గడి లేదు, మాట తనంతట తాను వచ్చింది, అనుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది.

"ఒద్దురా. నీ కాలు ఎక్కుతలేదు. ఇది ఒద్దు, వేరేది సూద్దాం."

షోరూములో నాలుగు తలలు ఇటు తిరిగాయి. అక్షర నవ్వు సగంలో నిలిచిపోయింది, హ్యాండిలు మీద నుంచి ఒక్కొక్క వేలే తీసింది. "అవు బాపూ," అంది మెల్లగా, "గా పక్కది తీస్కుందాం. సీటు సాపుగుంది." పక్కది నల్లది, పొడుగు సీటు, పాలవాళ్లు వాడే రకం. ఆ పిల్ల దాని వైపు చూసిన చూపు నాకు పరిచయమే, ఆ రోజు వాళ్ల నాన్న ముఖంలో చూసిందే.

సంపత్ ముఖం ఎర్రబడింది. "బండి నేనెక్కేదానికా అన్నా? పిల్ల నడిపేదానికి. దాని కష్టం, దాని బండి. నా కాలు ముచ్చట నడుమల దెచ్చి దాని సంబురం పాడు జేస్తవేందే?" గొంతు తగ్గించాడు, తగ్గించిన గొంతు ఇంకా లోతుగా దిగింది. "ఆనాడు అననోనివి, ఇయ్యాల ఎందుకంటున్నవ్?"

వాడు కూతురి వైపు తిరిగి, "నువ్వు దిగకు. కూసో. కాళ్లు కింద పెట్టు, సూపెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. వాడు ఒరిగి ఒరిగి కిందికి వంగి, ఒక మడమ చూశాడు, రెండో మడమ చూశాడు, వేలు పెట్టి సందు ఉందేమో తడిమాడు. "ఆనినయి. అయిపాయె. గిదే తీస్కో. నాకు షేరింగు రిక్షా ఉంది, దాని డ్రైవరు నాకు జాగ పట్టి పెడ్తడు. ఓ చక్కరు గొట్టి రాపో." అమ్మకాల ఆవిడ లైసెన్సు చూసి, హెల్మెట్ తెచ్చి, నడిపి చూడడానికి ఉంచిన బండి తాళం ఇచ్చింది. అక్షర మా ఇద్దరి ముఖాలూ ఒకసారి చూసి బయటికి నడిచింది.

ఇద్దరం షోరూము మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాం. ఆ పిల్ల లారీల మధ్యలోకి, ఆటోల మధ్యలోకి కలిసిపోయేదాకా వాడు మెడ చాపి చూశాడు. ఎండ వాలుతోంది. నాకు సిగ్గుగా ఉంది, ఏమని చెప్పను, పద్నాలుగేళ్ల కిందట వాడి కాళ్లు చూడవలసిన చోట కాగితం చూశాను, ఈరోజు ఆ పిల్ల ముఖం చూడవలసిన చోట వాడి కాళ్లు చూశాను. తప్పు దిద్దుకోవడానికి వచ్చి, దిద్దుబాటును తీసుకెళ్లి తప్పు చోట అతికించాను. వాడు మెట్టు మీద కూర్చున్నాడు, ఎడమకాలు బారచాపి. నేను పక్కన కూర్చున్నాను. నాలుక కింద ఉన్న మాట ఇక దాగలేదు.

"ఆ రోజు నేను చూసిన్రా."

"ఎర్కనే" అన్నాడు వాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఎర్కనా?"

"నా కాళ్ల దిక్కు జూస్తివి, నా మొఖం దిక్కు జూస్తివి, మల్ల కాయితం దిక్కు జూస్తివి. ఎదురుంగనే ఉంటిని గద, ఎర్కగాకేం?"

"మరెందుకు తీసుకున్నవ్? ఒద్దంటే అయిపోవు గదరా. ఒక్క మాట అంటే అయిపోవు."

వాడు మోకాలు రుద్దుకున్నాడు. ఒక టెంపో పొగ వదులుతూ పోయింది. "ఎట్లంట?" అన్నాడు. "నెల రోజులు సదివినవ్ గదనే నాకోసం. గా గీతలు, గా లెక్కలు, ఎర్రసిరా, నల్లసిరా. మా కార్ఖానాల అందరికి జెప్పుకున్న, మా అన్న నా బండి కోసం పుస్తకాలకు పుస్తకాలు సదువుతున్నడని. పుట్టి బుద్ధెరిగిన సంది నా కోసం ఎవ్వలన్న గంత సదివిన్రా? అది వట్టిదైతదని ఒద్దనబుద్ధి గాలె." తర్వాత నా వైపు తిరిగి, కొంచెం నవ్వి, "నా కోసమే గదా?" అన్నాడు. అడిగినట్టు లేదు, తనకు తెలిసిన సంగతిని ఇంకోసారి వినాలనుకున్నట్టు ఉంది.

వాన, దీపం, అతికించిన గ్రాఫు కాగితాలు, గీతకట్టతో గీత గీసి సిరా ఆరేదాకా ఊపిరి బిగబట్టిన ఆ సాయంకాలాలు. వరుసలు కలిసి మొత్తం తేలినప్పుడు ఒంటరిగా గదిలో లేచి అటూ ఇటూ నడిచిన ఆనందం. ఆ నెలలో ఒక్క రోజైనా తమ్ముడి ముఖం నా మనసులో మెదిలిందా అని వెతుకుతున్నాను, గూడు గూడునూ వెతుకుతున్నాను, ఎక్కడా దొరకడం లేదు. మెదిలి ఉంటే పదమూడో గడికి ఒక్క మార్కు వేసేవాణ్ణా? నేను చదివింది వాడి కోసం కాదు. చదవడం కోసం చదివాను. వాడి బండి నాకు దొరికిన ఒక మంచి పుస్తకం, అంతే. ఆ సంగతి వాడికి తెలియదు. ఆ నెలను వాడు మోకాలితో పాటు మోసుకుని తిరిగాడు, బాబిన్ల దగ్గర, షేరింగు ఆటోలో, ముసలమ్మల వరుసలో. మా అన్న నాకోసం నెల రోజులు చదివాడు అని. మోకాలు పోయినందుకు బదులుగా వాడికి మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా నిజం పేరుతో ఈ మెట్ల మీద వాడి చేతిలో నుంచి తీసుకోనా? చెబితే నా బరువు దిగుతుంది. దిగిన బరువు ఎక్కడికి పోతుందో ఇప్పుడు నాకు తెలుసు.

"నీకోసమే గదరా" అన్నాను.

వాడు తృప్తిగా తల ఊపి, కూతురు వస్తోందేమోనని రోడ్డు వైపు తిరిగాడు.